మోటారు మీది నంబరు

లాంతరు ఆరలేదు. బాలనర్సయ్య దాన్ని బావిలోంచి పైకి లాగి, వత్తి వెలుగుతూనే ఉందని నాకు చూపించి, దానికి కూడా నేను సంతకం పెట్టాలేమో అన్నట్టు ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, "గాలి మంచిగనే ఉంది సార్," అన్నాడు. ఉండకేం. జూబ్లీహిల్స్‌లో గాలికేం తక్కువ, తక్కువల్లా నీళ్ళకే, కొండరాయిని తూటాలు పెట్టి పేల్చి యాభై అడుగులు దిగితే అడుగున మోకాలి లోతు. బావిలో దిగేముందు వెలిగించిన లాంతరు దింపి చూడటం ఈ పనివాళ్ళ ఆచారం, ఆరిపోతే లోపల చెడ్డగాలి ఉన్నట్టు, దిగరు, ఆరకపోతే దణ్ణం పెట్టుకుని దిగుతారు. పెట్టుకున్నాడు. నడుముకి తాడు కట్టుకున్నాడు, ఆ తాడు బావి మీది గిలకలోంచి వచ్చి అతని భార్య దేవమ్మ చేతుల్లోకి, అక్కణ్ణించి పోర్టికో స్తంభానికి వెళ్ళింది. బోరబండ నుంచి ఏ పనికైనా మొగుడూ పెళ్ళాం కలిసే వస్తారట, అతను దిగడం, ఆమె తాడు పట్టడం, ఇంకొకళ్ళ చేతికి తాడు ఇవ్వడట. ఇప్పుడు గోడలోకి దిగ్గొట్టిన ఇనుప మెట్ల మీద ఒక్కొక్క పాదమే దించుతున్నాడు, నాకు అతని నడినెత్తి కనిపిస్తోంది, జుట్టు పల్చబడిన చోటు కూడా. సాయంత్రపు ఎండ బావి గోడ మీద కొంతదూరమే దిగింది. అతను ఆ ఎండ దాటాడు, తల కనబడటం మానేసింది, పాదాల చప్పుడు మాత్రం వస్తోంది.

నేను చూడవలసింది తలని కాదు, మోటారుని. సర్వేయర్ని. క్లెయిము వచ్చిన ప్రతి వస్తువునీ వెళ్ళి చూసి, నిజంగా పాడైందా, ఎలా పాడైంది, ఇవ్వాలా వద్దా అని ఇన్సూరెన్సు కంపెనీకి రాసి పంపడం నా పని, త్రినాథరావు వస్తున్నాడంటే కాలిపోయిన ఫ్రిజ్ కూడా భయపడి చల్లబడుతుందని ఆఫీసులో నా వెనకాల అనుకుంటారు, ముందర అన్నా నాకేం కోపం రాదు. ఇది ఇంటి పాలసీ. నిప్పు, దొంగతనం, టీవీ, ఫ్రిజ్, చివర్న చేత్తో రాసి కలిపిన ఒక్క లైను, బావి మోటారు, దాని ఒంటి మీది నంబరు. కరెంటు హెచ్చుతగ్గులకి కాలిపోతే ఇస్తాం. నీళ్ళు లేని బావిలో ఉత్తినే తిప్పి కాల్చుకుంటే ఇవ్వం. ఇంటి వాడకానికైతే ఇస్తాం, వ్యాపారానికి వాడితే ఇవ్వం. ఇంట్లో పనిచేసే మనుషులకి ఏమైనా అయితే ఇచ్చే భాగం కూడా ఒకటుంది అదే కాగితంలో, ఈ ఇంటావిడ అది తీసుకోలేదు, ఎవరూ తీసుకోరు, నేను చూసిన ఇళ్ళన్నిటిలోనూ దాని ఎదురుగా అడ్డగీతే. జనానికి భయమంతా వస్తువుల గురించి. నేను మాత్రం తీసుకున్నానా, మధురానగర్‌లో మా ఇంట్లో పాచిపని చేసే అమ్మాజీ మొన్న మేడమెట్ల మీద జారి పడితే మా ఆవిడ రమామణి కాస్త పసుపు రాసి ఇంటికి పంపింది, నేను పేపరు చదువుకుంటూ ఏమైంది అన్నాను, జవాబు విన్నానో లేదో గుర్తులేదు.

నంబరు చదివించాలి. మోటారు కదపకముందే, ఉన్నచోట ఉండగానే, దిగినవాడు పైకి వినపడేలా నంబరు చదవాలి. ఇది ఏ రూలు పుస్తకంలోనూ లేదు, నా సొంత పద్ధతి. కొన్నేళ్ళ కింద ఒక పెద్దమనిషి మంచి మోటారు ఊళ్ళో తోటకి పంపేసి, పాత ఇనుప సామాన్ల కొట్లో తుక్కు ఒకటి కొని బావిలో దింపి కాలిందన్నాడు, అది పైకొచ్చాక, మంచిదాని నుంచి ముందే ఊడదీసి ఉంచుకున్న నంబరు పలక దీనికి బిగించారు, నేను ఆ సమయంలో హాల్లో కూచుని వాళ్ళిచ్చిన కాఫీ తాగుతున్నాను. అప్పట్నించి క్లెయిము వాళ్ళింట్లో కాఫీ మానేశాను, హాల్లో కూచోవడమూ మానేశాను, బావి గట్టు దగ్గరే నిలబడతాను. "త్రినాథరావు గారూ, కనీసం మజ్జిగైనా పుచ్చుకోండి," అంటోంది ఇంటావిడ లీలాకుమారి, గ్లాసు చేత్తో పట్టుకుని. ఒకప్పుడు హీరోయిన్ స్నేహితురాలి వేషాలు, తర్వాత వదిన, ఇప్పుడు తల్లి. మద్రాసు నుంచి సినిమాలు ఇటు తరలుతున్నాయని తెలిసి అందరికంటే ముందు ఈ బండల మీద స్థలం కొని ఇల్లు కట్టుకుంది, తెలివైన మనిషి. అడిగినప్పుడు కళ్ళల్లో నీళ్ళు తెప్పించుకోవడం ఆవిడ వృత్తి, కనక నేను ఆవిడ కళ్ళ వంక చూడను, నేల వంక చూస్తాను.

నేల తడిగా ఉంది. ఈ తొంభై మూడు వేసవిలో కుళాయి రోజు విడిచి రోజు కూడా రావడం లేదు, కాగితంపూల తీగ మాత్రం తలంటు పోసుకున్నట్టు నిగనిగలాడుతోంది, గడ్డిలో బురద, బురదలో లెక్కలేనన్ని కాళ్ళ గుర్తులు, క్రోటన్ల వెనక టీ తాగి పారేసిన కప్పులు. మబ్బు లేని ఆకాశం కింద ఈ ఒక్క తోటలోనే వాన కురిసింది. ఫిల్మ్‌నగర్ చుట్టుపక్కల ఇళ్ళు చాలావరకు ఇంతే, మేడమెట్లు హీరో దిగడానికి, తోట వాన సీనుకి, వంటిల్లు తల్లి ఏడవడానికి, అన్నీ అద్దెకే. కృష్ణానగర్ నుంచి పొద్దున్నే బస్సులో గుంపుని తెస్తారు, వాళ్ళు తడుస్తారు, ఆరతారు, పోతారు. "షూటింగేమైనా జరిగిందాండీ ఇక్కడ?" అన్నాను రాగానే, ఊరికే అడిగినట్టు. "అయ్యో లేదండీ, మొక్కలు ఎండిపోతుంటే ట్యాంకరు తెప్పించాను." "గట్టు మీద ఈ మసేమిటండీ?" "తోటమాలి ఆకులు తగలేశాడండీ." రెండు జవాబులూ నా ప్రశ్న పూర్తవకముందే వచ్చాయి. ఆడనీ అబద్ధాలు అనుకున్నాను, ఎన్ని ఆడితే అంత మంచిది, చివర్న అన్నీ ఒక్కచోట చేర్చి మూట కట్టి ఆవిడ చేతిలోనే పెడదాం. ఆ ఊహకే నాకు కడుపు నిండినట్టుంది, మజ్జిగ దేనికి.

మసి ఆకులది కాదు. ఆకుల మసి పొడిగా రాలుతుంది, ఇది వేలికి జిడ్డుగా అంటింది, వాసన చూస్తే డీజిలు. షూటింగు లైట్లకి జనరేటరు పెట్టుంటారు, బావి పక్కనే. ప్రహరీ మీద పావురాలు వరసగా కూచున్నాయి, ఇవి బావి గోడ రంధ్రాల్లో కాపురం ఉండే పావురాలు, ఈ వేళకి లోపలికి పోవాలి, ఒకటి ఎగిరి బావి మీద చుట్టు తిరిగి మళ్ళీ వచ్చి గోడ మీదే వాలింది. మమ్మల్ని చూసి బెదిరాయి కాబోలు. ఈ వాసన నాకు తెలుసు, ఎక్కడ, మూసి ఉన్నచోట ఎక్కడో, వాల్తేరు, అవును, ఆ డాక్టరుగారి కారు షెడ్డు, వానాకాలం, చలికి తలుపులేసుకుని బ్యాటరీ దిగిపోకుండా ఇంజను నడిపిస్తూ కార్లో పాటలు వింటూ పడుకున్న డ్రైవరు పొద్దున్న లేవలేదు. కారు క్లెయిముకి నన్ను పంపారు. కారుకి గీత కూడా పడలేదు, చుట్టూ తిరిగి చూసి 'వాహనానికి నష్టం లేదు' అని రాసి వచ్చాను, ఒక్క వాక్యం, దానికి ఎంతో దూరం ప్రయాణం. మొహం ఎర్రగా, ఆరోగ్యంగా, నిద్రపోతున్నట్టే ఉందన్నారు చూసినవాళ్ళు. ముందద్దం దగ్గర దేవుడి బొమ్మకి అతను వెలిగించిన అగరొత్తి మొత్తం కాలి బూడిదయింది, మధ్యలో ఆరలేదు. అదిప్పుడెందుకు గుర్తుకు రావాలి. చేతికంటిన మసి రుమాలుకి తుడిచాను. పోవడంలేదు.

"సార్! మోటారు కాడికొచ్చిన!" కింద నుంచి గొంతు. నీళ్ళకి కాస్త పైన రాతిలో చెక్కిన మెట్టు ఉంది, మోటారు దాని మీద కూచోబెట్టి ఉంటుంది. "నంబరు చదువయ్యా. ఒక్కొక్క అంకే చదువు." టార్చి వెలుగు అక్కడెక్కడో కదిలింది. "నాలుగు. ఏడు. సున్న. తొమ్మిది. రెండు. రెండు." నా చేతిలో పాలసీ కాగితం. నాలుగు, ఏడు, సున్నా, తొమ్మిది, రెండు, ఆరు. చివరి అంకె తప్పింది. ఎంత హాయిగా ఉందో చెప్పలేను, వీపు మీద ఎక్కడో దురద పెట్టిన చోట ఎవరో చెయ్యి వేసినట్టు. తొందరపడకూడదు. "మళ్ళీ చదువు," అన్నాను. గోడకి చెయ్యి వేసి తడుముతున్న చప్పుడు. "నాలుగు. ఏడు. ఏడు." ఆగాడు. "తొమ్మిది... జర ఆగుర్రి సార్. తల్కాయ నొస్తుంది."

నంబరడిగితే అందరికీ తలనొప్పే. కూచోబెట్టి బట్టీ పట్టించి ఉంటారు పాపం, అబద్ధం రెండోసారి అడిగేసరికి అరిగిపోతుంది, నిజం చెప్పేవాడు పదిసార్లడిగినా ఒకటే చెప్తాడు, నా సర్వీసంతా దీని మీదే నడిచింది. దేవమ్మ తాడు బిగించి పట్టుకుని నా వంక తిరిగింది. "గొంతు ఎట్లనో ఉంది సార్. పైకి రమ్మంటా?" "వస్తాడమ్మా. ఇంకొక్కసారి చదవనీ." లీలాకుమారి గట్టు దాకా వచ్చి, లోపలికి తొంగి చూసి, వెనక్కి జరిగి, "పోనీ రేపు చూద్దామాండీ, చీకటి పడుతోంది కదా," అంది. ఎక్కడి చీకటి, గోడ మీద ఎండ ఇంకా పచ్చగా ఉంది. ఆవిడ మొహం పాలిపోయింది, పట్టుబడిన మనిషి ఇలాగే ఉంటుంది. "ఇవాళే చూద్దాం మేడమ్. మధ్యలో ఒక రాత్రి అడ్డం వస్తే మోటార్లు మారిపోతుంటాయి," అన్నాను, ఎంత బాగా అన్నానో అని కూడా అనుకున్నాను, ఇంటికెళ్ళి రమామణికి చెప్పాలని కూడా. "చదవవయ్యా!" "నాలుగు," అన్నాడు. చాలాసేపటికి, "నాలుగు." నవ్వాడో దగ్గాడో తెలియలేదు. తాగి ఉన్నాడు. ఇదీ రాసుకోవాలి.

"సరే, చాల్లే. మోటారు విప్పి పంపు. ముందు మోటారు, తర్వాత నువ్వు." ఉన్నది ఒక్క తాడే. వాళ్ళు రోజూ చేసేదీ అదేనట, నడుము తాడు విప్పి మోటారుకి కట్టడం, అది పైకొచ్చాక తాడు మళ్ళీ దింపడం, ఇందులో నేను కొత్తగా చెప్పిందేం లేదు. దేవమ్మ మాత్రం, "మొదలు ఆయన్ను రానియ్యి సార్," అంది మెల్లగా, నా మాటకి అడ్డం చెప్పినట్టు కాదు, అడుక్కున్నట్టు. ఆయన పైకొస్తే మళ్ళీ దిగడు, తలనొప్పని ఇంటికి పోతాడు, రేపటికి కింద ఇంకేదో మోటారుంటుంది. విననట్టు బావిలోకే చూస్తూ నిలబడ్డాను. తాడు వదులైంది. కింద ఇనుము మీద ఇనుము తగిలిన చప్పుడు, ఆగడం, మళ్ళీ చప్పుడు, ఇంకా ఎక్కువసేపు ఆగడం. నేను రిపోర్టు మనసులో రాస్తున్నాను, 'నంబరు చదవమని కోరగా పనివాడు మూడుసార్లూ తడబడ్డాడు', తడబడ్డాడు బాగుంటుందా, పొంతన లేకుండా చెప్పాడు అంటే బాగుంటుందా, యూసుఫ్‌గూడ దగ్గర దిగి కూరలు తీసుకోవాలి, పావురాలు ఇంకా గోడ మీదే ఉన్నాయి. తాడు ఒకసారి బిగిసింది. "లాగు," అని వినిపించింది, అతని గొంతులా లేదు, నిద్రలో ఉన్నవాణ్ణి లేపితే మాట్లాడినట్టుంది. దేవమ్మ లాగడం మొదలుపెట్టింది. నేనూ ఒక చెయ్యి వేశాను, మోటారు తొందరగా చూడాలని.

గిలక కిర్రుమంటూ మోటారు పైకొచ్చింది, గాల్లో మెల్లగా తిరుగుతూ. ముడి గట్టిగానే ఉంది, చేతులకి ఎన్నేళ్ళుగానో అలవాటైన ముడి. గట్టు మీదికి జరిపించి రుమాలుతో పలక తుడిచాను. మరలు తుప్పు పట్టి పలకతో కలిసిపోయాయి, దాన్ని ఎవరూ విప్పలేదు. నాలుగు, ఏడు, సున్నా, తొమ్మిది, రెండు, ఆరు. మళ్ళీ చూశాను. వేలు పెట్టి తడిమాను. పాలసీలో ఉన్న మోటారే, ఈ ఇంటి మోటారే, ఇందులో దొంగతనం ఏమీ లేదు. మరి పలక కళ్ళ ముందు పెట్టుకుని ఎందుకు చదవలేకపోయాడు. మోటారు పైనంతా మసి. గట్టు మీది మసి కూడా పైన ఆగలేదు, బావి లోపలి అంచుకి పట్టింది, కింది నుంచి పైకి పాకినట్టు పట్టింది, ఇందాక చూశాను, చూసి జనరేటరు అనుకున్నాను. మోటారు కాలి మూడు రోజులైందన్నారు. తోట ఇవాళ తడిసింది. మోటారు లేకుండా ఈ బావిలోంచి నీళ్ళెలా వచ్చాయి, డీజిలు ఇంజనుతో, సరే, ఇంజను గట్టు మీద పెడితే ఇంత లోతు నుంచి నీళ్ళెక్కవు, ఏ ఇంజనూ ఇంత లోతు నుంచి పీల్చలేదు, నాకు తెలుసు, ఎప్పుడో చదువుకున్నదే. మరి ఎక్కడ పెట్టారు.

"మేడమ్, ఇంజను ఎక్కడ పెట్టారు?" ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "లోపలికే దింపారండీ. ఆ రాతిమెట్టు మీదికే. పొద్దుట్నించీ నడిచింది. వాన సీను అయిపోగానే, మీరొస్తారని, పై నుంచే తాళ్ళతో లాగి తీయించేశానండీ." "ఇతనికి చెప్పారా?" "ఎవరికీ చెప్పొద్దన్నానండీ. షూటింగని తెలిస్తే మీరు క్లెయిము ఇవ్వరు కదా. లాంతరు దింపాడు కదండీ, ఆరలేదు కదండీ!" ఈసారి కళ్ళ వంక చూశాను, అవి నిజం నీళ్ళే. అగరొత్తి చివరిదాకా కాలింది వాల్తేరులో. దీపాన్ని ఆర్పని గాలి అది, ఇంజను పొగ పోయాక కూడా అడుగున ఉండిపోతుంది, రంగుండదు, తెలియదు, ముందు తలనొప్పి వస్తుంది, తర్వాత అంకెలు కలగాపులగం అవుతాయి, తర్వాత నిద్ర. తలనొస్తుంది అని చెప్పాడు. నాకే చెప్పాడు. నేను అడిగిన కొద్దీ చదివాడు, చదవడానికి ఊపిరి తీసిన కొద్దీ అదే పీల్చాడు.

తాడు దింపాను, నా చేతులతోనే, మోటారుకున్న ముడి రాకపోతే గోళ్ళతో పీకి. "కట్టుకో! తాడు కట్టుకో!" తాడు అడుగుకి తగిలి వదులైంది, అలాగే ఉండిపోయింది. లీలాకుమారి ఫైరింజనుకి ఫోన్ చెయ్యడానికి లోపలికి పరిగెత్తింది, ఫోనులో అడ్రసు చెబుతూ తడబడుతున్న గొంతు ఇక్కడిదాకా వినిపిస్తోంది, వాళ్ళు కొండెక్కి రావాలి, ఎప్పటికొస్తారు. "నర్సయ్యా!" అని దేవమ్మ ఒక్క అరుపు అరిచింది, ఇంతసేపూ 'ఆయన' అనే అన్న మనిషి, పేరు పెట్టి అరిచి, తాడు వదిలేసి గట్టెక్కి ఇనుప మెట్టు మీద కాలు పెట్టింది. వెనక నుంచి రెండు చేతులూ నడుముకి వేసి లాగేశాను. పరాయి ఆడమనిషి. మోచేత్తో నా మొహం మీద కొట్టింది, కళ్ళజోడు ఎటో ఎగిరిపడింది, వదల్లేదు. "ఇడువు సార్! నా మనిషి గాడ ఉన్నడు, ఇడువు!" "దిగితే నువ్వూ పోతావమ్మా, లాంతరు అబద్ధం, దిగకూడదు." నేను దిగనా, దిగితే మెట్లు సగం దాటకుండానే పడతాను, వదిలితే ఈమె నా వెనకే దిగుతుంది, ముగ్గురం, అని లెక్క వేస్తున్నాను, లెక్క సరిగ్గానే వస్తోంది, నాకు ఎప్పుడూ సరిగ్గానే వస్తుంది, నేను దిగలేదు. అతన్ని దింపిందీ నేనే, ఇప్పుడు ఎవర్నీ దిగనివ్వనిదీ నేనే. భయంగా ఉంది, ఇంత భయం నేను పుట్టి ఎరగను.

ఆమె బలం తగ్గింది, ఏడుపు కూడా ఆగింది. "నువ్వు అడిగినప్పుడల్లా చెప్పిండు గద సార్," అంది, రొప్పుతూ, నా వంక చూడకుండా. "నీ మాటిన్నడు. అడుగు. మళ్ళొక్కసారి అడుగు." గట్టు మీదికి వంగాను, ఆమెను పట్టుకునే. "బాలనర్సయ్యా!" అని అరిచాను. "నంబరు! నంబరు చదువు!" మోటారు నా కాళ్ళ దగ్గరే ఉంది, పలక పైకే ఉంది, కింద చదవడానికి ఏమీ లేదు. "ఏదైనా సరే చెప్పు! ఒక్క అంకె చెప్పు! తప్పు చెప్పినా సరే, నేను ఒప్పనే రాసుకుంటాను!" దేవమ్మ నా చేతుల్లో పెనుగులాడటం మానేసి, బావిలోకి మెడ వంచి వింటోంది.